మరణాల లెక్కలో వివక్షను చదివిన డుబోయిస్

కులాల వారీగా జనాన్ని లెక్కించడం అవసరమా అని తరగతిలో ఎవరైనా అడిగినప్పుడల్లా నేను డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ జీవితం చెబుతాను. లెక్కించడం ఒక్కటే చాలదని కూడా ఆ జీవితమే చెబుతుంది.

1868లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టిన ఆయన, 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడు. మరుసటి ఏడాదే ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే బీమా కంపెనీ గణాంకవేత్త ఒక గ్రంథం వెలువరించాడు. నల్లవారిలో మరణాలు ఎక్కువగా ఉండటానికి కారణం వారి పుట్టుకలోనే ఉందని దాని సారాంశం. గ్రంథం నిండా అంకెలే. ఆ మనుషులు ఏ ఇళ్లలో, ఏ పనుల్లో బతుకుతున్నారన్న విచారణకు మాత్రం అందులో విలువ లేదు.

అదే 1896లో డుబోయిస్ ఫిలడెల్ఫియా నగరంలోని ఏడో వార్డుకు చేరారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు సర్వే పని అప్పగించింది గానీ పాఠం చెప్పే అవకాశం ఇవ్వలేదు. భార్యతో ఆ పేటలోనే కాపురం పెట్టి, ఆయన స్వయంగా గడప గడపా తొక్కారు. అద్దె, వృత్తి, చదువు, ఇరుకు గదులు అన్నీ నమోదు చేశారు. 2,441 కుటుంబాల్లో స్నానపు గది, మరుగుదొడ్డి వసతి ఉన్నవి 334 మాత్రమేనని తేల్చారు. మరణాల పట్టికను ఈ పట్టిక పక్కన పెట్టి చదివితే, హాఫ్‌మన్ రక్తంలో వెదికిన కారణం వీధిలో కనిపించింది.

1899లో ఆ అధ్యయనం పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది అట్లాంటాలో, రెండేళ్లు నిండని ఆయన కొడుకు డిఫ్తీరియాతో చనిపోయాడు. ఆ నగరానికి దాపులనే శామ్ హోస్ అనే నల్ల కూలీని మూక సజీవంగా తగలబెట్టింది. రుజువులు చూపితే సమాజం మారుతుందన్న ఆయన నమ్మకం అక్కడ బీటలు వారింది. అయినా కొలవడం మానలేదు. 1906లో నల్లవారి ఆరోగ్యంపై అట్లాంటా విశ్వవిద్యాలయం నుంచి ప్రత్యేక నివేదిక తెచ్చి, క్షయ జాతిరోగం కాదనీ, సామాజిక రోగమనీ వాదించారు. 1910లో అధ్యాపకత్వం వదిలి ‘ది క్రైసిస్’ పత్రికా సంపాదకుడయ్యారు.

1946లో అంబేడ్కర్ ఆయనకు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పించిన విజ్ఞాపన ప్రతిని కోరారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. 1963లో ఘనాలో కన్నుమూశారు.

దళిత, ఆదివాసీ స్త్రీలలో రక్తహీనత ఎక్కువన్న అంకె దగ్గరే ఆగిపోతే మనమూ హాఫ్‌మన్ పక్కనే నిలబడతాం. వారి కూలి ఎంత, నీళ్లు ఎక్కడివి, ఆసుపత్రి ఎంత దూరం, అక్కడ వారిని ఎలా చూస్తున్నారు అన్న ప్రశ్నలు కూడా సర్వే పత్రంలో ఉండాలి. జవాబులు వచ్చాక వాటి కోసం పోరాడే వారూ ఉండాలి.