జీతం ముట్టని ఆచార్యుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమన్నారు మన సంపాదకులు. జీతాల బిల్లులు, అరియర్లు రాసి రిటైరైన గుమాస్తాను కనుక నాకు వెంటనే ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ గారే గుర్తుకు వచ్చారు.

వారు 1858 నవంబరు 30న బెంగాలులో జన్మించారు. తండ్రి డిప్యూటీ మేజిస్ట్రేటు. ఇంగ్లండులో చదివివచ్చి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు. ఆ రోజుల్లో తెల్లవారికి పూర్తి జీతం, అదే పనికి మనవారికి మూడింట రెండు వంతులు. వీరి నియామకం తాత్కాలికమని అందులోనూ సగమే, అంటే మూడో వంతే ఇస్తామన్నారు. బోస్ గారు ఉద్యోగం మానలేదు, పాఠాలు చెప్పడమూ మానలేదు. జీతం మాత్రం ముట్టలేదు. అలా మూడేళ్లు! ఇంట్లో చూస్తే తండ్రిగారి అప్పులు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి ఉద్యోగం ఖాయం చేసి, వెనుకటి తేదీ నుంచి పూర్తి జీతం చెల్లించింది. ఆ బకాయిల సొమ్ము అప్పులవాళ్లకే పోయింది.

సరైన ప్రయోగశాల లేకపోయినా, రేకుపని చేసేవాడి చేత పరికరాలు చేయించుకుని, 1895లో కలకత్తా టౌన్ హాలులో తీగ లేకుండా తరంగాలను గోడలు దాటించి గంట మోగించారు.

ఆ తరంగాలను పట్టుకోవడానికి వారు వాడిన వాటిలో ఒకటి గెలీనా అనే సీసపు ఖనిజం. రాగి విద్యుత్తును ధారాళంగా పోనిస్తుంది, గాజు పోనివ్వదు. ఈ రెంటికీ నడుమ ఉండేవి అర్ధవాహకాలు. గెలీనా, జెర్మేనియం, సిలికాన్ ఆ కోవలోవే. గెలీనా స్ఫటికానికి సన్నని లోహపు మొన ఆనిస్తే విద్యుత్తు ఒకవైపే సులువుగా పోతుంది, వెనక్కు రాదు. అటూ ఇటూ ఊగే రేడియో తరంగం నుంచి వార్త బయటపడేది ఈ గుణం వల్లనే. మిత్రుల బలవంతం మీద 1901లో దరఖాస్తు పెట్టగా 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. వారు దానితో డబ్బు చేసుకోలేదు.

1915లో రిటైరయ్యారు. రెండేళ్లకు, తమ పుట్టినరోజునే బోస్ పరిశోధనాలయం స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. మరో పదేళ్లకు, 1947లో అమెరికాలో జెర్మేనియంతో ట్రాన్సిస్టర్ పుట్టింది. దానిని కనిపెట్టినవారిలో ఒకరైన బ్రాటెన్, రేడియో తరంగాలను పట్టడానికి అర్ధవాహక స్ఫటికం వాడిన తొలి ఘనత బోస్ గారిదేనని 1955లో రాశారు.

అరియర్లు మూడేళ్లకే అందాయి. ఈ గుర్తింపు అందేసరికి మాత్రం వారు లేరు. మన మనవలకు సెల్‌ఫోన్ కొనిచ్చేటప్పుడు ఈ కథ కూడా చెబుదాం.