పర్లాకిమిడిలో ముప్పై రూపాయల ఉపాధ్యాయుడు

గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి పేరు చెప్పగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆనవాయితీ అయింది. ఆనాడు పాఠశాలలలో ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తారు. పిల్లలు ఉపన్యాసాలు చదువుతారు. అయితే ఆ ఉపన్యాసాలలో సాధారణంగా కనిపించేది నలభై ఏళ్ళు దాటిన తరువాతి రామమూర్తి గారే. అంతకు ముందు పాతికేళ్ళకు పైగా ఆయన ఒక చిన్న పట్టణంలో బడిపంతులుగా ఉన్న సంగతి ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. నిజానికి ఆయన తరువాత చేసిన ప్రతి పనికీ బీజం ఆ బడిలోనే పడింది. ఆ పట్టణం నేటి ఒడిశాలోని పర్లాకిమిడి కావడం వల్ల, సరిహద్దుకు ఈవల నున్న తెలుగు బడులకు ఆ కథతో మరింత దగ్గరి చుట్టరికం ఉన్నది.

రామమూర్తి గారు 1863లో వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి వీర్రాజు గారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి కుమారునికి పన్నెండేళ్ళు. బంధువుల అండతో ఆ బాలుడు విజయనగరంలోని మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ బడిలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు. అప్పారావు గారు 1882లో మెట్రిక్యులేషన్ ముగించారు. అటుపై దారులు వేరయ్యాయి. అప్పారావు గారు కళాశాల చదువులో సాగిపోయారు. తండ్రి లేని ఇంటి పిల్లవానికి ఆ అవకాశం లేకపోయింది.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఆయనకు ఉపాధ్యాయ పదవి లభించింది. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పాలి. నెలకు ముప్పై రూపాయల జీతం. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆయన వయస్సు పదిహేడేళ్ళు. ఈనాడైతే ఆ వయస్సువారు బల్లల మీద విద్యార్థులుగా కూర్చుంటారు. పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన జమీందారీ పట్టణం. మహేంద్రతనయా నది ఒడ్డున, కొండల పాదాన ఉన్న ఊరు. అక్కడికి రైలు లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది 1900లో గాని కాదు. ఊరిలో తెలుగు, ఒరియా రెండూ వినిపించేవి. సంతరోజున మూడవ భాష కూడా వినిపించేది. దాని సంగతి ముందు రానున్నది.

ఉద్యోగం దొరికింది కదా అని చదువు మానలేదు ఆయన. పగలు బడిలో పాఠం, మిగిలిన వేళలో తన పుస్తకాలు. కళాశాల గడప తొక్కకుండా ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్ష నెగ్గారు. విజయనగరంలో అప్పారావు గారు పట్టభద్రులైన సంవత్సరం కూడా అదే. తోటి విద్యార్థి బి.ఏ. అయిన నాటికి తాను ఎఫ్.ఏ. దగ్గరే ఉన్నానన్న చింత రామమూర్తి గారికి కలిగిందో లేదో ఊహించడం అనవసరం. ఆయన చేసిన పని మాత్రం కళ్ళ యెదుట ఉన్నది. తరువాత బి.ఏ. పరీక్షకు చరిత్ర ప్రధానాంశంగా తీసుకున్నారు. రెండవ భాషగా సంస్కృతమా, తెలుగా అన్న మీమాంస వచ్చినప్పుడు తెలుగునే ఎన్నుకున్నారు. విశ్వవిద్యాలయంలో మొదటి తరగతిలో, రెండవ స్థానంలో నిలిచారు. 1896లో రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల అయింది. ఫస్టు ఫారంతో మొదలైన ఉపాధ్యాయుడు కళాశాల తరగతులకు బోధించే యోగ్యత పొందారు. దీనికంతటికీ ఇంచుమించు పదహారేళ్ళు పట్టిందన్న విషయం నేటి యువ ఉపాధ్యాయులు గమనించదగినది.

చరిత్ర పాఠం చెప్పే పంతులుకు పాఠ్యపుస్తకంలోని రాజుల పేర్లు చాలునని అనుకునేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. రామమూర్తి గారికి అది చాలలేదు. తాను పుట్టిన ఊరికి చేరువలోనే ముఖలింగంలో మధుకేశ్వరాలయం ఉన్నది. దాని గోడల మీద, స్తంభాల మీద ప్రాచీన శాసనాలు ఉన్నాయి. చిన్ననాటి నుంచి చూసిన గుడే అయినా ఆ అక్షరాలు చదవడం ఆయనకు రాదు. నేర్పే గురువు లేడు. స్వయంకృషితో ఆ లిపులు నేర్చుకొని, శాసనాలు చదివి, తూర్పు గాంగ రాజుల చరిత్రను గూర్చి పరిశోధన వ్యాసాలు వెలువరించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో అచ్చయింది. గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ ఉండేదన్నది ఆనాటి పండితులకు వివాదాంశం. అది ముఖలింగ ప్రాంతమేనని ఆయన ప్రతిపాదించారు. ఒక మారుమూల బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు పండిత లోకంతో సమస్కంధుడుగా వాదించగలగడానికి మూలం, పిల్లలకు చెప్పే పాఠం తనకు ముందు నిజంగా తెలియాలన్న పట్టుదలే.

ఇక ఆ మూడవ భాష మాట. పర్లాకిమిడి వెనుక కొండలలో సవరలు నివసిస్తారు. చింతపండు, పసుపు వంటి కొండ సరుకులు మోసుకొని వారు సంతకు దిగి వచ్చేవారు. వారి మాట పల్లపువారికి తెలియదు. పల్లపువారి లెక్కలు వారికి తెలియవు. భాష తెలియనివాడు బేరంలోను, కచేరీలోను నష్టపోవడం సహజం. ఈ దృశ్యం ఊరందరూ చూసేదే. రామమూర్తి గారు ఒక్కరే దానిని బడికి సంబంధించిన సమస్యగా చూశారు. వారికి చదువు కావాలి; ఆ చదువు వారి భాషలోనే ఉండాలి; అందుకు ముందు ఆ భాష తనకు రావాలి. ఆలోచన ఇంత సూటిది. అమలు మాత్రం సులభం కాలేదు.

సవర భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. అది సంతాలీ, ముండారీల వలె ముండా కుటుంబానికి చెందినది. గొంతు బిగించి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. తెలుగు చెవికి అవి ఒక పట్టాన అందవు. కర్మ పదం క్రియలోనే ఇమిడిపోయి, ఒక వాక్యమంతా ఒక మాటగా బయటికి వస్తుంది. ఆ భాషకు అప్పటికి వాడుకలో లిపి లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని రామమూర్తి గారు తన ఇంటిలోనే ఉంచుకొని, అతని దగ్గర మాట మాటా నేర్చుకున్నారు. ఆ కాలపు బ్రాహ్మణ గృహస్థు కొండజాతివానిని ఇంట ఉంచుకొని అతనికి శిష్యుడు కావడం ఎంత సాహసమో ఆనాటి కట్టుబాట్లు తెలిసిన పెద్దలకు వివరించనక్కరలేదు. ఇంటిలో నేర్చినది చాలక కొండలెక్కి సవర గ్రామాలలో తిరిగారు. పాశ్చాత్య దేశాలలో అప్పుడప్పుడే వెలువడుతున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించి చదివారు. ఒక భాషకు వ్యాకరణం ఎలా నిర్మించాలో ఆ పుస్తకాల నుంచి, సవరల నోటి నుంచి ఏకకాలంలో నేర్చుకున్నారు.

మన్యంలో తిరిగినవానిని మన్యపు జ్వరం వదలదు. ఆ జ్వరానికి నాటి మందు క్వినైన్. అది అధికంగా వాడినందువల్ల ఆయనకు వినికిడి తగ్గి, క్రమంగా చెవుడు వచ్చింది. ఇతరుల మాటలోని సూక్ష్మమైన ధ్వనిభేదాలు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులే దూరమయ్యాయి. అయినా పని ఆగలేదు. పెరిగి పెద్దవాడైన కుమారుడు సీతాపతి గారు తరువాతి కాలంలో ఈ కృషిలో చేదోడువాదోడుగా నిలిచారు.

సవర పిల్లల కోసం రామమూర్తి గారు వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అందులో పనిచేసే ఉపాధ్యాయులకు జీతాలు కూడా తానే ఇచ్చారు. ముప్పై రూపాయలతో మొదలైన జీతంలో నుంచి మరొకరికి జీతం ఇవ్వడమంటే ఏమిటో గృహిణులకు బాగా తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఆయన పుస్తకాలకు పారితోషికం ఇవ్వజూపగా ఆయన స్వీకరించలేదు. ఆ సొమ్మును సవరల బడికి వినియోగించవలసిందని సూచించారు. 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదునిచ్చి గౌరవించింది. బిరుదు సంగతి ఎలా ఉన్నా, గిరిజన శిశువుకు మాతృభాషలో తొలి చదువు చెప్పాలన్న సూత్రాన్ని విద్యా సంఘాలు తీర్మానాలు చేయడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఒక ఉపాధ్యాయుడు తన జీతంతో ఆచరించి చూపారన్నది మరువరానిది.

ఈ అనుభవం వెనుక ఉన్నప్పుడు 1907లో జరిగినది ఆశ్చర్యం కలిగించదు. ఆ ఏడాది జె.ఏ. యేట్స్ దొర ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. చిన్న తరగతులలో తెలుగు పాఠం సాగే తీరు ఆయనకు బోధపడలేదు. పిల్లవాడు ఇంట ‘వస్తున్నాడు’ అంటాడు. పుస్తకంలో ‘వచ్చుచున్నాడు’ అని ఉంటుంది. పంతులు పుస్తకపు మాటకు మళ్ళీ ఇంటి మాటతో అర్థం చెబుతాడు. తెలుగు పిల్లవానికి తెలుగు పుస్తకాన్ని తెలుగులోకి మార్చి చెప్పవలసి రావడమేమిటని సందేహం. ఆ సందేహానికి రామమూర్తి గారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉన్నది. సవర బిడ్డకు తన భాషలో చదువుకునే హక్కు ఉంటే తెలుగు బిడ్డకు మాత్రం ఎందుకుండదు? విజయనగరంలో బాల్యమిత్రుడు అప్పారావు గారు, విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు తోడయ్యారు. ఉద్యమం అలా ఆరంభమైంది.

1911లో, ముప్పై ఏళ్ళ సేవ ముగించి రామమూర్తి గారు ఉద్యోగ విరమణ చేశారు. అటుపై జరిగిన వాదప్రతివాదాలు, జయంతి రామయ్య పంతులు గారి వంటి దిగ్దంతులతో పోరు, 1919లో నడిపిన ‘తెలుగు’ పత్రిక, ఊరూరా గంటల తరబడి ఇచ్చిన ఉపన్యాసాలు తెలుగు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధాలు. వాటిని ఇక్కడ తిరిగి చెప్పనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ప్రాచీన కావ్యాలు తెలియనందువల్ల ఆయన గ్రాంథికాన్ని కాదన్నారని అనుకోవడం పొరపాటు. పూర్వకవుల ప్రయోగాలను, పాత వచన గ్రంథాలను, శాసనాలను గాలించి, ఆ ఆధారాలతోనే వాదించారు. శాసనాలు చదివిన చరిత్రోపాధ్యాయుని అలవాటు అక్కడ పనికివచ్చింది.

ఈ కోలాహలం మధ్య సవర భాషా కృషి సద్దు లేకుండా సాగుతూనే ఉన్నది. యౌవనంలో మొదలుపెట్టిన ఆ పనికి ఫలంగా సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. అప్పటికి గ్రంథకర్త వయస్సు అరవై ఎనిమిది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం ఆ రాష్ట్రంలో చేరింది. ఆ తాలూకాలోనే ఉన్న పాతపట్నం వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. ముఖలింగం ఆవలి వైపు, పర్లాకిమిడి ఈవలి వైపు. పుట్టిన ఊరికి, జీవితమంతా పనిచేసిన ఊరికి మధ్య సరిహద్దు గీత పడింది. పర్లాకిమిడి తెలుగువారితో ఉండాలని కోరిన రామమూర్తి గారు ఆ సంవత్సరమే ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. పదిహేడవ ఏట ముప్పై రూపాయల కొలువు కోసం వచ్చిన ఊరిని యాభై ఆరేళ్ళ తరువాత వదలడం ఆయనకు ఎంత కష్టమైందో! అయితే ఆయన వెళ్ళినా ఊరిలోని తెలుగు కుటుంబాలు వెళ్ళలేదు, బడులు వెళ్ళలేదు, కొండల మీది సవరలూ వెళ్ళలేదు. అదే 1936లో సవరలలో పుట్టిన మంగయి గొమాంగో గారు తమ భాషకు సొంత లిపిని కల్పించారు.

రాజమహేంద్రవరంలో ఉండగానే సవర నిఘంటువు పని కొనసాగింది. కొండలు కంటికి కనిపించవు, చెవులు సరిగా వినిపించవు. చేతిలో ఉన్నవి అన్నేళ్ళుగా వ్రాసి ఉంచుకున్న మాటల పట్టికలు. సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వెలువడింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1940 జనవరి 22వ తేదీన, రామమూర్తి పంతులు గారు తమ డెబ్బై ఏడవ ఏట పరమపదించారు.