సిల్వెస్టరు పండితుని చరిత్రము

ఉన్నతపాఠశాల దాఁటి పై తరగతులలో బీజగణితము నభ్యసించు విద్యార్థులకు మాత్రిక, నిర్ధారకము అను రెండుమాటలు తప్పక తారసిల్లును. సంఖ్యలను అడ్డువరుసలుగను నిలువువరుసలుగను పేర్చి, హెచ్చించి, తీసివేసి, గుర్తు తప్పి, మరల మొదటికి వచ్చి విసుగుచెందువారు పెక్కండ్రు కలరు. అందు మాత్రిక యను దానికి మూలమైన యాంగ్లనామమును గణితశాస్త్రమునఁ బ్రవేశపెట్టిన జేమ్సు జోసెఫు సిల్వెస్టరు పండితుని జీవితమును సంగ్రహముగాఁ దెలుపఁబూనితిమి.

ఈయన 1814వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన లండను నగరమున నొక యూదుల కుటుంబమున జన్మించెను. తండ్రి యింటిపేరు జోసెఫు. అమెరికాకు వలసపోయిన యన్నగారు సిల్వెస్టరు అను పేరును జేర్చుకొనఁగా ఈయనయు దానినే గ్రహించెను. బాల్యముననే గణితమునందు అసాధారణమైన ప్రజ్ఞ కనఁబఱచి, పదునాలుగవయేఁటనే లండనులోని క్రొత్త విశ్వవిద్యాలయమునఁ జేరి, ద మోర్గాను పండితునొద్ద కొన్నినెలలు చదివెను. పిదప లివర్పూలు నగరమందలి పాఠశాలకుఁ బంపఁబడెను. అచ్చటి తోడిబాలురు మతభేదమునుబట్టి ఈయనను మిక్కిలి బాధించిరనియు, అది యోర్వలేక కొలఁదిపాటి చిల్లరతో డబ్లినుకుఁ బాఱిపోయెననియు, అచ్చట దైవికముగా బంధువొకఁడు చూచి మరల పాఠశాలకుఁ జేర్చెననియు చెప్పుదురు.

1831లో కేంబ్రిడ్జిలోని సెంటు జాన్సు కళాశాలఁ బ్రవేశించెను. నడుమ వ్యాధిచేఁ జదువు కొంతకాలము నిలిచిపోయినను, 1837లో జరిగిన గణితపరీక్షయందు రెండవ రాంగ్లరుగా నెగ్గెను. తరువాతికాలమునఁ బ్రఖ్యాతుఁడైన జార్జి గ్రీను ఆ యేఁట నాలుగవవాఁడు. అట్లుండియు సిల్వెస్టరునకుఁ బట్టము లభింపలేదు. ఆ కాలమున కేంబ్రిడ్జిలోఁ బట్టము గొనఁగోరువాఁడు ఇంగ్లండు సంఘముయొక్క 39 మతనియమములకుఁ దన సమ్మతి తెలిపి చేవ్రాలు చేయవలసియుండెను. ఆక్సుఫర్డులోనైతే విద్యార్థిగాఁ జేరుటకే ఆ చేవ్రాలు కావలెను. యూదుఁడగుటచే ఈయన దాని కంగీకరింపఁడయ్యెను. పట్టము లేకున్న స్మిత్తు బహుమానమునకుఁ బోటీపడుటకుఁ గాని, కళాశాలలో ఫెలోగా నుండుటకుఁ గాని వీలులేదు. ఒక్క చేవ్రాలుతో అన్నియుఁ గరతలామలకములై యుండెడివి. నమ్మనిదానిని నమ్మితినని వ్రాయుట కొల్లకపోయిన ఆ యువకుని నిష్ఠను మేము ఆయన గణితముకంటెఁ దక్కువగా నెన్నము.

మతనిర్బంధములు లేని లండను యూనివర్సిటీ కాలేజి 1838లో ఈయనను ప్రకృతిశాస్త్రోపాధ్యాయునిగా నియమించెను. మఱుసటియేఁడే, ఇరువదియైదవ యేఁట, రాయలు సొసైటీలో సభ్యుఁడయ్యెను. 1841లో డబ్లినులోని ట్రినిటీ కళాశాల పట్టముల నొసఁగెను. ఆ యేఁటనే అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమునకు ఆచార్యుఁడుగాఁ బోయెను గాని, తరగతిలో అవిధేయుఁడైన యొక విద్యార్థి విషయమునఁ దోడి యాచార్యులు తనకు అండగా నిలువలేదని తలఁచి, కొన్ని నెలలకే ఆ యుద్యోగమును వదలెను. సిల్వెస్టరు ముంగోపి యనుటలో సందేహము లేదు.

స్వదేశమునకు మరలి వచ్చి, పొట్టకూటికై 1844లో నొక జీవితభీమా సంఘమునఁ గొలువునకుఁ జేరెను. పగలు భీమా లెక్కలు, తీరిక దొరికినపుడు న్యాయశాస్త్రము. ఈ దినములలోనే ఆర్థరు కేలీ యను మఱియొక న్యాయవాదితోఁ బరిచయము గలిగెను. కేలీ శాంతుఁడు, మితభాషి, క్రమము తప్పనివాఁడు. సిల్వెస్టరు ఆవేశపరుఁడు, కాగితములు పోఁగొట్టుకొనువాఁడు. ఇరువురును లండనులోని న్యాయవాదుల ఆవరణములలోఁ దిరుగుచు వ్యాజ్యెములకు మాఱుగా బీజగణితమును జర్చించుచుండిరి. మాత్రికాశాస్త్రము పుట్టినది ఈ స్నేహమునుండియే.

ఇచట నొక విశేషము గమనింపవలెను. మన పాఠ్యపుస్తకములలో ముందు మాత్రికయు, పిదప నిర్ధారకమును వచ్చును. చరిత్రలో ఆ క్రమము తలక్రిందులు. సమీకరణములను సాధించుటకై నిర్ధారకములను లైబ్నిట్సు పదునేడవ శతాబ్దముననే యెఱుఁగును. క్రేమరు 1750లోఁ బ్రకటించిన సూత్రమును మనవారు నేఁటికిని అభ్యసించుచున్నారు. కాని ఆ నిర్ధారకములు దేనినుండి పుట్టుచున్నవో ఆ సంఖ్యల పట్టికకు వేఱుగా నొక పేరు లేకుండెను. 1850లో సిల్వెస్టరు దానికి లాటినుభాషలో గర్భమను నర్థముగల మాట్రిక్సు అను పేరు పెట్టెను. పెక్కు నిర్ధారకములకు అది తల్లి యని ఆయన భావము.

ఒక యుదాహరణమును గైకొందము. పై యడ్డువరుసలో 1, 2, 3 అనియు, క్రింది వరుసలో 4, 5, 6 అనియు వ్రాయుఁడు. నిలువువరుసలు మూఁడు, అడ్డువరుసలు రెండే. కావున దీనికిఁ దనంతట నిర్ధారకము లేదు. అయినను మూఁడవ నిలువువరుసను మఱుఁగుపఱచినచో 1×5 − 2×4, అనఁగా −3 వచ్చును. రెండవదానిని మఱుఁగుపఱచినచో 1×6 − 3×4, అనఁగా −6. మొదటిదానిని మఱుఁగుపఱచినచో 2×6 − 3×5, అనఁగా మరల −3. ఒకే తల్లికి మువ్వురు బిడ్డలు.

పేరు సిల్వెస్టరుదైనను, మాత్రికలను సంఖ్యలవలెఁ గూడి, హెచ్చించు బీజగణితమును 1858లో సమగ్రముగా వ్రాసినవాఁడు కేలీ. మొదటి మాత్రికయొక్క అడ్డువరుసను రెండవదాని నిలువువరుసతో జతగూర్చి హెచ్చించి కలుపుట ఆ గుణకారవిధి. వరుసలు 1, 1. 0, 1 గల మాత్రికను, వరుసలు 1, 0. 1, 1 గల మాత్రికచే హెచ్చించిన 2, 1. 1, 1 వచ్చును. క్రమము మార్చి హెచ్చించిన 1, 1. 1, 2 వచ్చును. మూఁడునాలుగులు ఎంతయో నాలుగుమూఁళ్లును అంతే యని యెక్కములలో నేర్చిన న్యాయము ఇచటఁ జెల్లదు. అయినను రెండు లబ్ధముల నిర్ధారకములును 1 యే. ఏలయన లబ్ధముయొక్క నిర్ధారకము నిర్ధారకముల లబ్ధమునకు సమానము. అభ్యాసము చేయువారు తమ లెక్కను సరిచూచుకొనుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు.

కేలీ యా వ్యాసముననే మఱియొక చిత్రమును జూపెను. వెనుకటి 2, 1. 1, 1 అను మాత్రికను దానిచేతనే హెచ్చించిన 5, 3. 3, 2 అగును. దానినుండి మొదటి మాత్రికకు మూఁడురెట్లు తీసివేసి, కర్ణమున ఒంట్లు గల మాత్రికను గలిపినచో అన్నియు సున్నలే మిగులును. ఆ 3 కర్ణమందలి సంఖ్యల మొత్తము. కలిపిన 1 నిర్ధారకము. రెండు వరుసల చదరమాత్రిక లన్నిటికి ఇది చెల్లును. పెద్దవానికిని ఇట్టి న్యాయమే కలదని కేలీ చెప్పి, పూర్తి యుపపత్తి యనవసరమని విడిచిపెట్టెను! దానిని 1878లో ఫ్రొబేనియసు అను జర్మను పండితుఁడు పూరించెను.

సిల్వెస్టరు 1855లో వూలిచ్చి సైనికకళాశాలలో గణితోపాధ్యాయుఁ డయ్యెను. 1870లో, ఏఁబదియైదేండ్లకే, సైనికనియమమునుబట్టి పని చాలింపఁజేసిరి. ఉపకారవేతనమునకై పెద్ద వివాదమే జరిగినది. తరువాతి యాఱేండ్లు ఉద్యోగము లేక కవిత్వముతోఁ గాలక్షేపము చేసెను. ఇంతలో 1871లో మతనిర్బంధములు శాసనముచే రద్దుకాఁగా, మఱుసటియేఁడు కేంబ్రిడ్జి ఆయన కా పట్టము నిచ్చెను. పరీక్షలో నెగ్గి అప్పటికి ముప్పదియైదేండ్లు!

1876లో అమెరికాలోని బాల్టిమోరున నూతనముగా స్థాపింపఁబడిన జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయము ఆయనను బిలిచెను. ఏఁటికి 5000 డాలర్లు బంగారు రూపముననే యీయవలెనని పట్టుపట్టి మఱి పోయెను. తాను అప్పుడు చేయుచున్న పరిశోధననే తరగతిలోఁ జెప్పెడివాఁడు. పాఠము దారితప్పినను శిష్యులు ఉత్సాహపూరితులై వినిరి. 1878లో అమెరికను గణితపత్రికను నెలకొల్పెను. ఆ యేఁటనే క్రిస్టీను లాడ్డు అను యువతి ప్రవేశమునకై దరఖాస్తు పంపెను. స్త్రీలను జేర్చుకొను వాడుక అచ్చట లేకున్నను, ఆమె గణితరచనలను ముందే చదివియున్న సిల్వెస్టరు ఆమె పక్షమున వాదించి చేర్పించెను. డాక్టరు పట్టమునకు వలసిన పని నంతయు 1882 నాటికే ఆమె ముగించెను. స్త్రీయను కారణమున విశ్వవిద్యాలయము దానిని 1926 వఱకు ఈయలేదు. తలుపు మూయఁబడుట యెట్టిదో తాను అనుభవించినవాఁడు గావుననే ఆయన ఆమెకై పూనుకొనెనని మా యూహ.

1883లో, అఱువదితొమ్మిదవ యేఁట, ఒకప్పుడు తన్ను విద్యార్థిగానైనఁ జేర్చుకొనని ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ఆయనను రేఖాగణితాచార్యునిగా వరించెను. కొన్నియేండ్లకుఁ గన్నులు మందగించి, బోధన మానుకొని లండను చేరెను. 1896లో మరల నుత్సాహము పొంది, రెండుకంటెఁ బెద్దవైన సరిసంఖ్యలన్నియు 28 = 5 + 23 అను రీతిని రెండు ప్రధానసంఖ్యల మొత్తములే యగునా యను గోల్డుబాకు ప్రశ్నపై పనికిఁ గడంగెను. ఆ పనిలో నుండఁగనే 1897వ సంవత్సరము మార్చి 15వ తేదీన, ఎనుబదిరెండవ యేఁట దివంగతుఁడయ్యెను. ఆ ప్రశ్నకు నేఁటికిని ఉపపత్తి దొరకలేదు.