నాదోపాసకుడు ఘంటసాల

గానగంధర్వులు శ్రీ ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూరయ్యగారు భజనపరులు. ఆయన పాడు నారాయణతీర్థుల తరంగములకు పసివాడగు కుమారుడు అడుగు కలిపి నర్తించెడివాడు. అతడు సంగీత విద్వాంసుడు కావలెనని కోరి, ఆ తండ్రి కుమారుని చిన్నతనముననే పరమపదించెను.

ఆ కోర్కె తీర్చుటకై బాలుడు విజయనగరము చేరెను. మధుకరముతో కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని విద్య గడించెను. గురువు ధనమాశింపలేదు; శిష్యుడు శ్రమకు వెరవలేదు.

1942 స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసము ననుభవించి, పిదప మదరాసు చేరిరి. 1945లో విడుదలయైన ‘స్వర్గసీమ’ చిత్రమున భానుమతిగారితో కలిసి పాడు భాగ్యము లభించెను. ఆనాడు గానమును వాద్యములును ఒక్కమారే ముద్రింపబడెడివి. ఒక్కరు తప్పినను మరల మొదటినుండి పాడవలసినదే. అట్టి యంత్రము నెదుట నిలుచుటకు వేరు సన్నాహమేమి కలదు? విజయనగరమున తెల్లవారుజామున చేసిన సాధనయే సన్నాహము.

తరువాత వారు తిరుమల తిరుపతి దేవస్థానముల ఆస్థాన గాయకులై స్వామిని సేవించిరి. తుదకు రోగపీడితులై యుండియు భగవద్గీతను గానము చేసి, 1974 ఫిబ్రవరి 11వ తేదీన దివంగతులైరి. ఆ గీత నేటికిని ఇంటింట వినబడుచున్నది. తరంగములతో మొదలైన నాదము గీతాచార్యుని పాదములను చేరినది. తండ్రి కోర్కె నెరవేరినది.