విలియం హాల్‌స్టెడ్

విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్ (సెప్టెంబరు 23, 1852 - సెప్టెంబరు 7, 1922) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శస్త్రచికిత్స వైద్యుడు. నరములను మొద్దుబార్చి శస్త్రచికిత్స చేయు పద్ధతికి ఆద్యులలో ఒకడు.

బాల్యము, విద్యాభ్యాసము

హాల్‌స్టెడ్ న్యూయార్క్ నగరములో సంపన్న కుటుంబములో జన్మించాడు. 1874లో యేల్ నుండి పట్టభద్రుడై, 1877లో న్యూయార్క్‌లోనే వైద్యపట్టా పొందాడు. తరువాత రెండేళ్ళు ఐరోపాలో ఉన్నత శిక్షణ పొందాడు.

కొకైన్ ప్రయోగములు

1884లో కార్ల్ కోలర్ కొకైన్ కంటికి తిమ్మిరి కలిగించునని నిరూపించాడు. ఇది తెలిసిన హాల్‌స్టెడ్, సహచరుడు రిచర్డ్ హాల్ తదితరులతో కలసి ఆ మందును నరముల వద్ద సూదితో ఎక్కించి పరీక్షించాడు. దవడ నరమును మొద్దుబార్చి దంతవైద్యమునకు మార్గము చూపాడు. మెడ వద్ద కోసి, చేతికి, భుజమునకు పోవు నరముల మొదళ్ళను కంటితో చూస్తూ మందు ఎక్కించాడు. ఈ ప్రయోగములను తమ శరీరములపైనే చేసుకొనుట వలన వీరు కొకైన్‌కు బానిసలైనారు. 1886లో హాల్‌స్టెడ్ ప్రావిడెన్సులోని బట్లర్ ఆసుపత్రిలో చేరాడు. ఆ తరువాత మార్ఫిన్‌కు అలవాటుపడ్డాడు. ఈ సంగతి సహచరుడు విలియం ఆస్లర్ రహస్య రచన 1969లో వెల్లడైన పిదప లోకమునకు స్పష్టముగా తెలిసినది.

జాన్స్ హాప్కిన్స్

ఇంతటి వ్యసనముతోనే ఇతడు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగమునకు అధిపతి అయ్యాడు. రొమ్ము కేన్సరుకు, గిలకు నూతన శస్త్రచికిత్సలు రూపొందించాడు. యువవైద్యులకు ఆసుపత్రిలోనే అంచెలంచెలుగా శిక్షణ ఇచ్చు విధానమును స్థాపించాడు. నర్సు కారొలిన్ హాంప్టన్ చేతులు క్రిమిసంహారక ద్రవము వలన పాడగుట చూచి ఆమెకై పలుచని రబ్బరు తొడుగులు చేయించాడు. 1890లో ఆమెనే వివాహమాడాడు. పిత్తాశయ వ్యాధికి జరిగిన శస్త్రచికిత్స అనంతరము 1922లో మరణించాడు.

తరువాతి పరిణామములు

నరము కొరకు మెడను కోయు అవసరము 1911లో తప్పినది. ఆ ఏడు జర్మనీలో హిర్షెల్, కులెన్‌కాంఫ్ చర్మము మీదుగానే సూది గుచ్చు పద్ధతులు ప్రకటించారు. సూది నరమును తాకగా రోగికి కలుగు జివ్వుమను స్పర్శయే గుర్తు. 1912లో పెర్టెస్ స్వల్ప విద్యుత్తుతో కండరమును అదిరింపజేసి నరమును కనుగొన్నాడు. 1970లో విన్నీ వివరించిన మెడ పద్ధతి భుజ శస్త్రచికిత్సలకు ముఖ్యమైనది. అయితే దానివలన ఊపిరికి తోడ్పడు విభాజకపటలపు నరము కూడ మొద్దుబారును.

1990ల నుండి అల్ట్రాసౌండు వ్యాప్తిలోకి వచ్చినది. మొదటి రెండు పద్ధతులు రోగి మాటపై, కండరపు కదలికపై ఆధారపడగా, ఇందులో నరము, సూది, మందు తెరపై కనబడును. కావున తక్కువ మందు సరిపోయి, ఊపిరి ఇబ్బంది తగ్గును. హాల్‌స్టెడ్ కోసి చూచిన నరమును నేటి వైద్యులు కోయకనే చూడగలుగుచున్నారు.