వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగష్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడు. జన్మతః తమిళుడైనా, జీవితంలోని చివరి ముప్పై అయిదేళ్ళు తెలుగువారి మధ్య, నాటి నిజాం రాష్ట్రంలోని డోర్నకల్లు కేంద్రంగా గడిపాడు. తెలుగు క్రైస్తవులు ఈయనను బిషప్ అజరయ్యగా స్మరిస్తారు. తెల్లవారి ఆధిక్యాన్ని సహజంగా భావించిన కాలంలో సేవ ప్రారంభించి, జాతీయోద్యమం ఉధృతంగా సాగుతున్న కాలంలో ముగించిన అజరయ్య ఆ రెండు కాలాల వారితోనూ విభేదించవలసి వచ్చింది.

బాల్యం, విద్యాభ్యాసం

అజరయ్య తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి తామస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, ఆ గ్రామ సంఘానికి గురువుగా పనిచేశాడు. తల్లి పేరు ఎల్లెన్. పుత్రునికై చాలా కాలం ప్రార్థించిన తల్లి, బైబిలులోని హన్నా తన కుమారునికి పెట్టిన పేరే తన బిడ్డకూ పెట్టుకున్నది. కుటుంబం నాడార్ కులానికి చెందినది. తాటిచెట్లెక్కి జీవించేవారని అగ్రవర్ణాలు తక్కువగా చూసిన ఈ కులంవారికి ఆనాడు దేవాలయ ప్రవేశం ఉండేది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో చదువు, వ్యాపారం ద్వారా వారు క్రమంగా పైకి వచ్చారు. ఈ నేపథ్యం అజరయ్య తరువాతి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ముఖ్యం. కులం వలన కలిగే అవమానాన్ని ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

మెజ్ఞానపురంలోని వసతి పాఠశాలలోనూ, తిరునల్వేలిలోనూ చదివి, పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరాడు. గణితశాస్త్రం అభిమాన విషయం. అనారోగ్యం వలన చివరి పరీక్ష వ్రాయలేకపోవడంతో పట్టం చేతికి రాలేదు. (కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లో ఈయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది.) 1895లో వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతటా పర్యటించాడు. అక్కడే అమెరికా దేశస్థుడు షేర్‌వుడ్ ఎడ్డీతో స్నేహం కలిసింది. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు సమానులుగా, ఒకరి తప్పును మరొకరు నిర్మొహమాటంగా చెప్పుకుంటూ జీవితాంతం మిత్రులుగా ఉండగలరని ఈ స్నేహం అజరయ్యకు అనుభవపూర్వకంగా తెలిపింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. దక్షిణ భారతంలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా వివాహం జరిగింది.

స్వదేశీ సువార్త సంఘాలు

1902లో సింహళంలోని యాళ్ళపాణం వెళ్ళినపుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుకుంటున్నారని చూశాడు. తిరునల్వేలి క్రైస్తవులు తమకన్నా ముందుగా క్రైస్తవులైనా విదేశీ ధనంపై ఆధారపడి ఉన్నారని గ్రహించి, 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘం స్థాపనకు పూనుకున్నాడు. భారతీయుల డబ్బు, భారతీయుల నిర్వహణ, భారతీయ సేవకులు అనేది దీని నియమం. ఈ సంఘం నిజాం రాష్ట్రంలోని మానుకోట, డోర్నకల్లు ప్రాంతాలను ఎంచుకొన్నది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో ఏర్పడిన నేషనల్ మిషనరీ సంఘానికీ ఈయన స్థాపకులలో ఒకడు.

ఇతరులను పంపుతూ తాను ఊరిలో కూర్చోవడం న్యాయం కాదని తోచి, 1909లో గురువుగా అభిషేకం పొంది, వై.ఎమ్.సి.ఎ. ఉద్యోగం వదలి, భార్యాబిడ్డలతో డోర్నకల్లు చేరాడు. డోర్నకల్లు ఆనాడు ఒక రైల్వే జంక్షను, దాని చుట్టూ అడవి, పేద పల్లెలు. (ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది.) తొలుత గుడారంలో నివాసం. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నాడు.

ఎడింబరో ప్రసంగం

1910లో స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవై మంది లోపే. విదేశీ మిషనరీలకు, స్వదేశ సేవకులకు మధ్య సంబంధాలపై మాట్లాడవలసిందిగా అజరయ్యను కోరారు. మర్యాదకు నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుని ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. మిషనరీలు భారతీయ సహోద్యోగులతో యజమానులవలె వ్యవహరిస్తారని, వారి ఇళ్ళకు వెళ్ళరని, తమ ఇంటి భోజనపు బల్ల వద్దకు పిలువరని ఆయన తేటగా చెప్పాడు. మిషనరీల త్యాగాన్ని తక్కువ చేయలేదు. ఆస్తి ఇచ్చారు, ప్రాణమిచ్చారు, కాని స్నేహం ఇవ్వలేదు, మాకు కావలసింది అదే అన్నది ప్రసంగ సారాంశం.

సభలో కొందరు హర్షించారు. చాలామంది నొచ్చుకున్నారు, కృతఘ్నత అని భావించినవారూ ఉన్నారు. క్రైస్తవ ప్రేమకు దానధర్మం సరిపోదని, సమానత్వం లేనిచోట ప్రేమ కూడా ఒక విధమైన పెత్తనమేనని చెప్పిన ఈ ప్రసంగాన్ని చరిత్రకారులు ఆ మహాసభలోని ప్రసంగాలన్నింటిలో ఎక్కువగా జ్ఞాపకం చేసుకుంటారు.

బిషప్పుగా

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్పుగా చేయాలని పట్టుబట్టాడు. ఒక భారతీయుని క్రింద ఆంగ్లేయులు పనిచేయడమా అని కొందరు తెల్లవారు అభ్యంతరం తెలిపారు. నాడార్ కులస్థుడు బిషప్పు కావడం కొందరు భారతీయ క్రైస్తవులకు కూడా నచ్చలేదు. వ్యతిరేకతను దాటి 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషేకం జరిగింది. అప్పటినుండి మరణించేవరకు ఒక ఆంగ్లికన్ అధ్యక్ష మండలానికి అధిపతిగా ఉన్న భారతీయుడు ఈయన ఒక్కడే. ముప్పై రెండేళ్ళలో రెండవవానికి అవకాశం రాకపోవడం ఆలోచింపదగిన విషయం.

డోర్నకల్లు అధ్యక్ష మండలం మొదట చిన్నది. తరువాత కృష్ణా ప్రాంతం మొదలైనవి కూడా చేరి ఆయన చివరిరోజులకు అందులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వీరిలో అత్యధికులు నాడు అంటరానివారుగా పరిగణింపబడిన మాల, మాదిగ కులాలవారు. ఎద్దుల బండిమీద, సైకిలుమీద భార్యతో కలిసి పల్లెపల్లెకు తిరిగేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు - ఈ నాలుగింటిని పల్లెలను పట్టిన దయ్యాలని చెప్పేవాడు. గ్రామ ఉపాధ్యాయులకు, గురువులకు శిక్షణ, ముద్రణాలయం, సహకార సంఘాలు, వైద్యశాలలు, బాలికల విద్య ఈ కాలంలో విస్తరించాయి. స్త్రీల మధ్య పని అన్బు అజరయ్య నడిపింది. తెలుగు కీర్తనలను, కాలక్షేపాలను, జాతరలను ఆరాధనలోకి ఆహ్వానించాడు. ఆంగ్లికన్ ప్రార్థన క్రమాన్ని మాత్రం వదలలేదు.

బాప్తిస్మం పొందే ప్రతివారూ తమ తలపై తామే చేయి ఉంచుకొని, ఈ సువార్తను ఇతరులకు చెప్పే బాధ్యత తమపై ఉన్నదని ప్రమాణం చేయాలని నియమం పెట్టాడు. నిన్నటివరకు ఊరి బయట నిలబడి వినవలసినవాడు నేడు చెప్పేవాడు అయ్యాడు.

అందరూ ఒకే గుడిలో కూర్చున్నంత మాత్రాన కులం పోలేదు. మాలలకు, మాదిగలకు మధ్య వైరం సంఘంలోనూ కొనసాగింది. దీనితో ఆయన జీవితాంతం పోరాడాడు. పూర్తిగా గెలిచాడని చెప్పలేము. అయితే మాల, మాదిగ సంఘాలలో వచ్చిన మార్పును చూసి 1930లలో ఇతర కులాలవారు కూడా అనేకులు క్రైస్తవులయ్యారు.

ఇరవై ఏళ్ళకు పైగా నిర్మాణం సాగిన డోర్నకల్లు ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుమ్మటాలు, మీనార్లు, హిందూ ఆలయ మండపాలను తలపించే స్తంభాలు కలిసిన ఈ కట్టడంలో ఇంగ్లీషు చర్చి పోలిక చాలా తక్కువ.

ప్రత్యేక నియోజకవర్గాలు, గాంధీజీతో విభేదం

1919 సంస్కరణల ద్వారా మద్రాసు రాష్ట్రంలో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు లభించాయి. 1932 నాటి కమ్యూనల్ అవార్డు వాటిని కొనసాగించింది. అనేకులు దీనిని లాభంగా భావించగా అజరయ్య బహిరంగంగా వ్యతిరేకించాడు. సంఘం ఒక కులం కాదు, ఓట్ల లెక్కకు ఒక వర్గం కాదు, వోటు కోసం గిరిగీసుకుంటే పొరుగువాని నుండి విడిపోతామని ఆయన వాదన. ఈ విషయంలో ఆయన వైఖరి జాతీయవాదులకు దగ్గరగా ఉన్నది.

అయితే కొద్ది కాలానికే గాంధీజీతో విభేదం వచ్చింది. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా మరణించనని ప్రకటించాడు. అణగారిన కులాలవారు ఏ మతంలో చేరుతారనే చర్చ దేశమంతటా చెలరేగింది. హరిజనులకు సేవ చేయవచ్చును గాని వారి మతాన్ని మార్చరాదని, మతాల మధ్య తారతమ్యం తెలుసుకునే స్థితిలో వారు లేరని గాంధీజీ అభిప్రాయం. అజరయ్య దీనిని అంగీకరించలేదు. పేదవానికి కూడా మనస్సాక్షి ఉన్నదని, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు చదువుకున్నవానికి ఎంత ఉన్నదో అతనికీ అంతే ఉన్నదని ఆయన వాదించాడు. ఇద్దరూ అంటరానితనానికి శత్రువులే, ఇద్దరూ పల్లె శుభ్రతను, మద్యనిషేధాన్ని కోరినవారే. పేదవాని తరఫున నిర్ణయం ఎవరు తీసుకోవాలి అనేచోట దారులు వేరయ్యాయి. కాంగ్రెసు ఉద్యమంలో పాల్గొనని అజరయ్య పట్ల జాతీయవాదులలో అనుమానం ఈ వివాదంతో పెరిగింది. మాట మార్చుకొని ఉంటే ఆయనకు ఎంతో పేరు వచ్చేది. మార్చుకోలేదు.

సంఘాల ఐక్యత

అంబేడ్కర్ విషయంలోనే మరొక సంగతి ఆయనను బాధించింది. క్రైస్తవులైతే తమవారందరూ దేశంలో ఎక్కడ ఉన్నా ఒకే సంఘంగా ఉండగలరా అన్న ప్రశ్నకు అజరయ్య సమాధానం చెప్పలేక సిగ్గుపడ్డాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. విదేశాల నుండి వచ్చిన శాఖాభేదాలు ఇక్కడి పల్లెలను కూడా చీల్చాయి. దీనికి విరుగుడు ఆయన ముందే ఆరంభించాడు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు సమావేశమై ఐక్యతను కోరుతూ ప్రకటన చేశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. సమావేశానికి అధ్యక్షుడు అజరయ్య. బిషప్పు పదవి ఉండాలా, పాత గురువులకు మళ్ళీ అభిషేకం చేయాలా వంటి ప్రశ్నలపై చర్చలు పాతికేళ్ళకు పైగా సాగాయి.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్లులో మరణించాడు. ఆయన తరువాత ఆ స్థానం అప్పటివరకు సహాయ బిషప్పుగా ఉన్న విదేశీయుడు ఎ.బి. ఎలియట్‌కు లభించింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో 1947 సెప్టెంబరు 27న ఏర్పడినపుడు డోర్నకల్లు అధ్యక్ష మండలం అందులో ఒకటిగా చేరింది.