ఏ దేశంవాడివి టెన్సింగ్?

1932 చివర్లో నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతపు షెర్పా ఊళ్ల నుంచి పది పన్నెండు మంది కుర్రాళ్లు, అమ్మాయిలు ఇళ్లలో చెప్పకుండా డార్జిలింగ్ దారి పట్టారు. తెల్లదొరలు మళ్లీ ఎవరెస్ట్ మీదకు బయలుదేరుతున్నారని, మూటలు మోసేవాళ్లు కావాలని ఆ ఊళ్లకు కబురందింది. వాళ్లలో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడి దగ్గర పైసా లేదు. సరిహద్దు దగ్గరున్న సిమానాకు చేరేసరికి తోటివాళ్లు అతణ్ణి వదిలేసి వెళ్లిపోయారు. నేపాలీ కూడా సరిగా రాదు. ఆ ఊళ్లో ఒకాయన ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టి, పని చెప్పాడు. భాష అక్కడే వచ్చింది. తర్వాత ఆయన బంధువుల దగ్గర, డార్జిలింగ్ పక్కనున్న ఆలూబారీలో ఆవులు కాసే పనికి కుదిరాడు. పాలు అమ్మడానికి రోజూ పట్టణంలోకి వెళ్లేవాడు.

ఆ కుర్రాడే టెన్సింగ్ నార్గే. ఎవరెస్ట్ ఎక్కిన తొలి ఇద్దరిలో ఒకడిగా మన పాఠ్యపుస్తకాలకు అతను తెలుసు. పని వెతుక్కుంటూ సరిహద్దు దాటిన లక్షల మందిలో ఒకడన్న సంగతి ఆ పాఠాల్లో కనిపించదు. అతని జీవితంలో ఎక్కువ భాగం మాత్రం అదే.

నిజానికి అతని వలస డార్జిలింగ్‌తో మొదలు కాలేదు. ఎవరెస్ట్‌కు దక్షిణాన ఉన్న థామే ఊళ్లో పెరిగానని అతను చెప్పుకున్నాడు. కుటుంబం మాత్రం టిబెట్ వైపు ఖార్తా లోయది. తండ్రి మింగ్మా జడలబర్రెలు కాచుకునేవాడు. మంద రోగంతో చచ్చిపోయాక ఇల్లు గడవక ఆ కుటుంబం కనుమ దాటి ఖుంబూకు వచ్చింది. పదమూడు మంది పిల్లల్లో టెన్సింగ్ పదకొండోవాడు. చాలామంది చిన్నతనంలోనే పోయారు. ఖుంబూలో పాత షెర్పా వంశాలకు భూములు, పరపతి ఉండేవి. టిబెట్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు వాళ్ల ఇళ్లలో పనికి కుదరాల్సిందే. టెన్సింగ్ కూడా అలా మరొకరి ఇంట్లో పని చేశాడని అతని జీవితం మీద పరిశోధించినవాళ్లు రాశారు. పుట్టింది టిబెట్‌లోనేనని తర్వాతి జీవితచరిత్రకారులు తేల్చినా, ఆ మాట అతను బయటకు చెప్పుకోలేదు. 1950 తర్వాత టిబెట్ చైనా చేతిలోకి వెళ్లింది. భారత్, నేపాల్ రెండూ తమవాడంటున్న మనిషికి మూడో దేశం పేరెత్తడం ఇబ్బందే కదా.

డార్జిలింగ్ కూడా వలసలతో నిండిన ఊరే. 1835లో సిక్కిం రాజు నుంచి బ్రిటిష్‌వారు ఆ కొండను తీసుకునేనాటికి అక్కడ జనం చాలా తక్కువ. 1850ల నుంచి తేయాకు తోటలు లేచాయి. ఆ తోటలకు కూలీలు తూర్పు నేపాల్ నుంచి వచ్చారు. రాయ్‌లు, లింబూలు, తమాంగ్‌లు వంటి తెగలవాళ్లు. రాణాల పాలనలో పన్నులు, వెట్టిచాకిరీ, అప్పుల్లో పోయిన పొలాలు వాళ్లను వెనక నుంచి నెడితే, తోటలు, రోడ్లు, గూర్ఖా పల్టన్‌లు ముందు నుంచి లాగాయి. షెర్పాలు, టిబెటన్లు ఈ వరసలో చివరగా వచ్చారు. మూటలు మోయడం, రిక్షాలు లాగడం వాళ్ల వంతయింది. అప్పట్లో నేపాల్ విదేశీయులకు తలుపులు మూసేసింది. అందుకే 1921 నుంచి ఎవరెస్ట్ యాత్రలన్నీ డార్జిలింగ్‌లో మొదలై టిబెట్ మీదుగా సాగాయి. టూంగ్ సూంగ్ బస్తీలోని షెర్పాలకు కొత్త కూలి పని దొరికింది. రిక్షా లాగడం కంటే నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చేవి. చావు కూడా ఎక్కువే.

ఆ లెక్క చూడాలి. 1922లో ఎవరెస్ట్ మీద మంచు విరిగిపడి ఏడుగురు చనిపోయారు. ఏడుగురూ మూటలు మోసేవాళ్లే. 1934లో నంగా పర్బత్ మీద తుపానులో ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు పోయారు. మూడేళ్ల తర్వాత అదే పర్వతం మీద ఒక్క రాత్రిలో ఏడుగురు జర్మన్లు, తొమ్మిది మంది షెర్పాలు మంచు కింద సమాధి అయ్యారు. పోయిన దొరల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. షెర్పాల ఇళ్లకు చేతిలో కొద్ది డబ్బు పెట్టారు. ఆ చావులన్నీ ఇంచుమించు ఒకే బస్తీ మీద పడ్డాయి.

టెన్సింగ్ వెతుక్కుంటూ వచ్చిన పని ఇది. 1933లో అతనికి అది దొరకలేదు. ఇంతకుముందు యాత్రలకు వెళ్లినట్టు చిట్టీ చూపించమన్నారు. అతని దగ్గర లేదు. పైగా జడ కత్తిరించుకుని, డార్జిలింగ్ వాళ్లలా బట్టలు వేసుకోవడంతో అసలు షెర్పానే కాదనుకున్నారు. 1935లో ఎరిక్ షిప్టన్ కూలీలను ఎంచుకుంటున్నప్పుడు వరసలో మళ్లీ నిలబడ్డాడు. ఈసారి చివరి నిమిషంలో పేరు రాసుకున్నారు. రోజుకు పన్నెండణాలు, మంచు మొదలయ్యే చోటు దాటితే రూపాయి. అదే ఏడాది, తనతోపాటు ఖుంబూ నుంచి పారిపోయి వచ్చిన దావా ఫుటిని పెళ్లి చేసుకున్నాడు.

1936లోనూ 1938లోనూ మళ్లీ ఎవరెస్ట్‌కు వెళ్లాడు. 1938లో ఎత్తైన శిబిరం దాకా మూటలు మోసినవాళ్లకు హిమాలయన్ క్లబ్ టైగర్ బిరుదు, పతకం ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలోనే అతని పేరుంది. ఆ పతకానికి గౌరవం ఎంత ఉన్నా ఏడాదికి కొద్ది నెలలే పని. మిగతా రోజులు బస్తీలో ఎలాగో గడవాలి. 1939లో నాలుగేళ్ల కొడుకు చనిపోయాడు. యుద్ధం రావడంతో యాత్రలు పూర్తిగా ఆగిపోయాయి. అప్పుడు ఒక సైనికాధికారి వెంట ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చిత్రాల్‌కు వెళ్లి, అక్కడ ఆఫీసర్ల మెస్‌లో పని చేశాడు. 1944లో దావా ఫుటి అక్కడే చనిపోయింది. ఇద్దరు చిన్న కూతుళ్లను వెంటబెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. దొర ఇచ్చిన పాత సైనిక దుస్తులు తొడుక్కుని రైలెక్కితే ఎవరూ టికెట్ అడగలేదట. దేశం ఆ చివర నుంచి ఈ చివరకు అలాగే వచ్చేశాడు.

తర్వాత పెళ్లాడిన అంగ్ లాము దొరల ఇళ్లలో ఆయాగా పనిచేసేది. ఇల్లు నడిపింది చాలావరకు ఆమె సంపాదనే. ఆ రోజుల్లో అతను చౌరస్తా దగ్గర యాత్రికులకు గుర్రాలు అద్దెకు తిప్పాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరాలు డార్జిలింగ్ కూలీలకు కష్టకాలమే. దొరలు వెళ్లిపోతుంటే వాళ్ల ఇళ్లలోని ఆయాలు, వంటవాళ్లు, గుర్రాలవాళ్లు, మూటల కూలీలు పని లేనివాళ్లయ్యారు. స్వాతంత్ర్యం గురించి రాసేటప్పుడు ఈ మూల మనకు గుర్తుకు రాదు.

1950లో నేపాల్ తలుపులు తెరిచింది. 1952లో స్విస్ బృందంతో వెళ్లినప్పుడు టెన్సింగ్ సర్దార్, అంటే కూలీల పెద్ద. దాంతోపాటు పర్వతారోహక బృందంలో పూర్తి సభ్యుడు కూడా. దొరలు షెర్పాతో ఒకే గుడారంలో పడుకుని, ఒకే గిన్నెలో తినడం అతనికి అలవాటు లేని సంగతి. రేమండ్ లాంబెర్‌తో కలిసి 28,000 అడుగులు దాటి వెనుదిరిగాడు. ఆ ఏడాది శరత్కాలంలో మళ్లీ వెళ్లి, ఆరోగ్యం పాడై పట్నా ఆసుపత్రిలో చేరాడు.

మరుసటి వసంతంలో బ్రిటిష్ బృందం కఠ్మాండూ చేరినప్పుడు దొరలకు రాయబార కార్యాలయంలో గదులిచ్చారు. షెర్పాలను ఒకప్పుడు గుర్రాలశాలగా ఉన్న కార్ల షెడ్డులో పడుకోమన్నారు. అందులో మరుగుదొడ్డి లేదు. తెల్లారి షెర్పాలు ఆ షెడ్డు ముందు రోడ్డు మీదే పని కానిచ్చి తమ నిరసన తెలిపారు. అధికారులు మండిపడ్డారు, పత్రికలకు వార్త దొరికింది. ఇరువైపులా సర్దిచెప్పాల్సిన సర్దార్ మాత్రం మధ్యలో నలిగిపోయాడు. ఎవరెస్ట్ విజయానికి రెండున్నర నెలల ముందు సంగతిది.

1953 మే 29 ఉదయం పదకొండున్నరకు టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. మంచుగొడ్డలికి నాలుగు జెండాలు కట్టి ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్. భారత జెండా డార్జిలింగ్‌లో ప్రెస్ నడిపే మిత్రుడు రవీంద్రనాథ్ మిత్రా చేతికిచ్చి పంపింది. చిన్న కూతురు నీమా ఇచ్చిన ఎర్ర-నీలం పెన్సిలు ముక్కను కూడా అక్కడే మంచులో పెట్టి వచ్చాడు.

కిందికి దిగాక ఇంకో రకం చిక్కు మొదలైంది. కఠ్మాండూ దారిలో జనం ఆయన చుట్టూ మూగారు. టెన్సింగ్ పైన నిలబడి హిల్లరీని తాడుతో లాగుతున్న బొమ్మలు ఊరేగించారు. ముందు అడుగు పెట్టింది ఎవరు, నీది ఏ దేశం అని విలేఖరులు, రాజకీయ నాయకులు రోజంతా తొలిచారు. ఏవో కాగితాలు తెచ్చి సంతకాలు అడిగారు. ఆయనకు సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. చివరికి ఇద్దరూ దాదాపు ఒకేసారి చేరామని ఉమ్మడి ప్రకటన చేసి ఆ రచ్చను ముగించారు. రాజు త్రిభువన్ నేపాల్ తార పతకం ఇచ్చారు. బ్రిటన్ హంట్‌కు, హిల్లరీకి సర్ బిరుదులిచ్చి, టెన్సింగ్‌కు జార్జ్ పతకంతో సరిపెట్టింది. ఢిల్లీలో నెహ్రూ తన అల్మారా తెరిచి సొంత బట్టలు ఇచ్చారు.

దేశం గురించి అడిగిన ప్రతిసారీ ఆయన రెండు దేశాలూ తనవేనన్నారు. ఒకటి కన్నది, ఇంకొకటి పెంచింది. ఆ జవాబు చాలామందికి తప్పించుకునే మాటలా వినిపించింది. చట్టం ప్రకారం చూస్తే అంత చిక్కేమీ లేదు. రాజ్యాంగం అమలయ్యే నాటికి భారతదేశాన్ని స్థిరనివాసం చేసుకుని, అంతకుముందు కనీసం ఐదేళ్లు ఇక్కడే ఉన్నవాడిని ఐదో అధికరణం పౌరుడిగా గుర్తించింది. అదే 1950 జూలైలో భారత్, నేపాల్ శాంతి, స్నేహ ఒప్పందం చేసుకున్నాయి. దాని ఏడో నిబంధన ఒక దేశం పౌరులకు ఇంకో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల విషయంలో సమాన హక్కులిచ్చింది. పని కోసం వచ్చే నేపాలీలకు అది కొండంత అండ. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన నేపాలీ భాషీయులకు మాత్రం అదే చిక్కు తెచ్చిపెట్టింది. నిన్న వచ్చిన వలసకూలీకి, ముత్తాత కాలం నుంచి తోటలో బతుకుతున్న పౌరుడికి మధ్య గీత చెరిగిపోయింది. ఇద్దరి ముఖాలూ భాషా ఒకటే కావడంతో ఎవరినైనా పరాయివాళ్లనడం తేలికైపోయింది. టెన్సింగ్‌ను రెండు దేశాలు పోటీపడి సొంతం చేసుకున్నాయి. పేరులేని కూలీ విషయంలో ఆ పోటీ ఎప్పుడూ ఉండదు.

1954 నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నెహ్రూ, బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దాని వెనక ఉన్నారు. టెన్సింగ్ క్షేత్ర శిక్షణ డైరెక్టరయ్యారు. అంగ్ థార్కే, దా నంగ్యాల్, ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు లాంటివాళ్లు శిక్షకులయ్యారు. టెన్సింగ్ చేసిన పనుల్లో ఎవరెస్ట్ తర్వాత లెక్కలోకి రావాల్సింది ఇదే. అప్పటిదాకా రోజుకూలీ మీద బతికిన మనుషులకు నెల జీతం, అయ్యవారి హోదా వచ్చాయి. షెర్పాల సంఘానికి అధ్యక్షుడిగా కూలి పెంపు గురించి, చనిపోయిన, గాయపడినవాళ్లకు ఇచ్చే పరిహారం గురించి కూడా ఆయన పట్టుబట్టారు. అరవై ఏళ్ల తర్వాత, 2014లో, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ఆ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందినదే.

అయితే ఆ మేలు కొన్ని కుటుంబాల వరకే ఆగింది. నేపాల్ తలుపులు తెరుచుకోవడంతో యాత్రలకు కఠ్మాండూ కేంద్రమైంది. ఖుంబూ షెర్పాలకు ఇంటి ముంగిట్లోకే పని వచ్చింది. డార్జిలింగ్ షెర్పా బస్తీల్లో మాత్రం ఆ పని సన్నగిల్లింది. టెన్సింగ్ కొనుక్కున్న ఘంగ్-లా ఇల్లు ఎప్పుడూ బంధువులతో నిండి ఉండేది. కొండ దాటి వచ్చినవాళ్లకు ముందు అక్కడే అన్నం. 1976లో ఇన్‌స్టిట్యూట్ ఆయన్ని రిటైర్ చేసి, సలహాదారుగా ఉంచుకుంది. బతికినంత కాలం ఉద్యోగం ఉంటుందనుకున్న ఆయనకు అది కష్టంగా తోచింది. అరవై దాటాక మళ్లీ సంపాదన కోసం విదేశీ యాత్రికులను వెంటబెట్టుకుని కొండలు తిప్పారు.

1986 మే 9న ఆయన డార్జిలింగ్‌లోనే కన్నుమూశారు. అప్పటికి కొండల్లో గూర్ఖాలాండ్ ఉద్యమం రాజుకుంటోంది. ఆ ఏడాది మొదట్లోనే మేఘాలయ బొగ్గు గనుల ప్రాంతాల నుంచి వేల మంది నేపాలీ భాషీయులను విదేశీయులని వెళ్లగొట్టారు. వాళ్లలో నేపాల్ పౌరులూ ఉన్నారు, తరాలుగా భారతీయులైనవాళ్లూ ఉన్నారు. అంత్యక్రియల ఊరేగింపులో నడిచిన జనంలో చాలామందికి ఆ భయం ఇంట్లోదే. రెండున్నర నెలల తర్వాత, జూలై 27న, కాలింపాంగ్‌లో ఉద్యమకారులు 1950 ఒప్పందంలోని ఏడో నిబంధన ప్రతులను తగలబెట్టడానికి ఊరేగింపుగా వచ్చారు. పోలీసు కాల్పుల్లో పది మందికి పైగా చనిపోయారు.

రాజ్యాంగం అమలయ్యే నాటికి భారత్‌లో స్థిరపడిన గూర్ఖాలు భారత పౌరులేనని కేంద్ర ప్రభుత్వం 1988 ఆగస్టులో గెజిట్‌లో స్పష్టం చేసింది. టెన్సింగ్ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది.